బాలల వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్

ఆత్మన్యూనతాభావమను మాట నేడు తెలుగువారి ఇండ్లలో సైతము పిల్లల ప్రసంగము వచ్చినప్పుడెల్ల వినవచ్చుచున్నది. ఈ భావమునకు మనోవిజ్ఞానశాస్త్రమున ప్రధానస్థానము కల్పించినవాడు వియన్నా నగరపు వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్. ఫ్రాయిడ్ పేరు తెలిసినంతగా ఈయన పేరు మనవారికి తెలియదు. అయినను బిడ్డలను పెంచువారికి ఆ మహనీయుని కంటె ఈయనయే ఎక్కువ అక్కరకు వచ్చునని చెప్పుట సాహసము కాదు.

1870వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన వియన్నా శివారున ఒక ధాన్యపు వర్తకుని రెండవ బిడ్డగా ఆడ్లర్ జన్మించెను. ఎముకలను మెత్తబరచు రికెట్స్ వ్యాధి పసితనముననే అతనిని పట్టుకొనెను. ఒడలికి కట్లు కట్టించుకొని బల్లపై కూర్చుండి, అన్న ఎగిరి దుముకుచుండగా చూచుటయే ఆ బాలుని ఆటయయ్యెను. నాలుగేండ్ల ప్రాయమున, తన ప్రక్కనే పరుండిన తమ్ముడు కంఠసర్పి వ్యాధితో కన్నుమూసెను. కొంతకాలమునకు ఆల్ఫ్రెడ్‌కే న్యుమోనియా సోకెను. చూడవచ్చిన వైద్యుడు ఆశ వదలుకొనవలసినదేయని తండ్రితో చెప్పెను. ఆ మాట పిల్లవాని చెవిని పడినది. అతడు బ్రతికెను, పెరిగి తానే వైద్యుడు కావలెనని నిశ్చయించుకొనెను.

బడిలోను ఇట్టి తీర్పే మరియొకటి ఎదురయ్యెను. గణితమున వెనుకబడిన ఈ బాలుని చదువు మాన్పించి చెప్పులు కుట్టు పనిలో పెట్టుట మేలని ఉపాధ్యాయుడు తండ్రికి సలహా ఇచ్చెను. తండ్రి వినలేదు. కొలది కాలములోనే బాలుడు గణితమున తరగతికి మొదటివాడయ్యెను. ఆ తండ్రి తలయూపియుండినచో కథ అంతటితో ముగిసెడిది.

ఆయన బాల్యస్మృతులలో విచిత్రమైనది ఒకటి కలదు. బడికి పోవు దారిలో ఒక శ్మశానము ఉండెడిదనియు, తోడి పిల్లలు నిర్భయముగ దాటుచుండ తనకు మాత్రము గుండె జారెడిదనియు, ఒకనాడు పట్టుదలతో దానిని పలుమారులు ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తి భయమును పోగొట్టుకొంటిననియు ఆయన తలచుచుండెను. 35 ఏండ్ల వయసున పాత సహాధ్యాయి ఒకడు కనబడగా ఆ శ్మశానమును గూర్చి అడిగెను. ఆ దారిలో శ్మశానమన్నది ఏనాడును లేదని అతడు బదులు చెప్పెను. తక్కినవారిని విచారించినను అదే సమాధానము. మరియొకడైనచో సిగ్గుపడి ఊరకుండెడివాడు. ఆడ్లర్ దానిని గ్రంథస్థము చేసెను. జరిగినది కాకపోయినను, భయమును జయింపగోరిన బాలుని మనస్సు దానిని కల్పించుకొనినది గదా! రోగులను వారి తొలి జ్ఞాపకమేమని ఆయన తప్పక అడుగుటకు కారణమిదియే.

1895లో వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, నగరమునందలి ప్రాటర్ వినోదోద్యానము చేరువ వైద్యశాల పెట్టెను. అచట గారడీలు, దొమ్మరి విద్యలు ప్రదర్శించువారు ఆయన రోగులైరి. వారిలో పలువురు బాల్యమున దుర్బలులై, ఆ దౌర్బల్యముతో పెనగియే బలవంతులైనవారు. 1907లో దేహావయవముల కొరతను గూర్చి ఆయన వెలువరించిన గ్రంథమునకు ఈ అనుభవము తోడ్పడెను. 1902లో ఫ్రాయిడ్ ఆహ్వానముపై ఆయన గోష్ఠిలో చేరెను, 1911లో విడివడెను. ఆయనను ఫ్రాయిడ్ శిష్యుడనుట వాడుకయేగాని, ఆ పేరు ఆయన కెన్నడును రుచింపలేదు.

కలహమునకు మూలము సిద్ధాంతమే. బాలుని స్వభావమును కామప్రవృత్తి తీర్చునని ఫ్రాయిడ్ మతము. చిన్నవాడై, అశక్తుడై, పెద్దల నడుమ పెరుగు ప్రతి బిడ్డకును కొరతయను భావము సహజమనియు, దానిని పూరించుకొన యత్నించుటలోనే వాని జీవనశైలి ఏర్పడుననియు ఆడ్లర్ మతము. అతిగా గారాబము చేయబడిన బిడ్డయు, నిరాదరణకు గురియైన బిడ్డయు ఒకే విధముగ దారి తప్పవచ్చును. తనకు తోడివారి యెడల గల ఆత్మీయతయే మానసికారోగ్యమునకు గురుతు.

తొలిచూలు బిడ్డ తమ్ముడు పుట్టగానే సింహాసనము కోల్పోయిన రాజు వంటివాడగుననియు, రెండవవాడు అన్నను దాటుటకే పరుగెత్తుననియు, కడగొట్టువాడు ముద్దుతో చెడుననియు ఆయన వివరించెను. మన ఇండ్లలో వృద్ధులు ఎరిగినదే ఇది. కాని 2015లో వేలకొలది మందిపై జరిగిన పరిశోధనలు జననక్రమమునకు స్వభావముపై గల ప్రభావము అత్యల్పమని తేల్చినవి. ఆడ్లర్ సైతము వరుససంఖ్యకు గాక, తన స్థితిని బిడ్డ ఎట్లు అర్థము చేసికొనెనను దానికే ప్రాధాన్యమిచ్చెను. అనుయాయులు ఆ మాట మరచిరి.

మొదటి ప్రపంచయుద్ధమున సైనిక వైద్యుడుగా పనిచేసి వచ్చిన పిమ్మట ఆయన వియన్నా పాఠశాలలకు అనుబంధముగా బాలల సలహాకేంద్రములను నెలకొల్పెను. అవి క్రమముగా సుమారు ముప్పదికి పెరిగెను. మొండివాడనియో, మందబుద్ధియనియో, దొంగయనియో పేరుపడిన పిల్లలను తల్లిదండ్రులు అచటికి తెచ్చెడివారు. ఉపాధ్యాయుల సమక్షముననే ఆయన వారితో మాటలాడెడివాడు. అందరియెదుట పిల్లవానిని ప్రశ్నించుట తగునాయని కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నిరాధారమని త్రోసివేయలేము. కాని దానివలన ఒక బిడ్డకు చేసిన చికిత్స పదిమంది ఉపాధ్యాయులకు పాఠమయ్యెడిది. అల్లరికి శిక్ష యేమని గాక, ఆ అల్లరి వలన వీడు ఏమి సాధింపగోరుచున్నాడని ఆయన విచారించెడివాడు.

1934లో ఆస్ట్రియాను చేజిక్కించుకొనిన నిరంకుశ ప్రభుత్వము ఈ కేంద్రములను మూసివేసెను. అప్పటికే ఆయన అమెరికాలో ఆచార్యత్వము వహించుచు ప్రసంగములు చేయుచుండెను. పెద్ద కుమార్తె వాలెంటీన్ భర్తతో సోవియట్ దేశమునకు వెళ్లియుండెను. 1937 ఆరంభమున ఆమె నిర్బంధింపబడెను, ఉత్తరములు నిలిచిపోయెను. ఎందరో తల్లిదండ్రులకు వారి బిడ్డలను అర్థము చేసి చెప్పిన తండ్రికి తన బిడ్డ ఎచటనున్నదో తెలియలేదు. ఆ దిగులుతోనే ఆయన ఐరోపాలో ఊరూర ప్రసంగించుచు స్కాట్లండునందలి అబెర్డీన్ చేరెను. 1937 మే 28వ తేదీ ఉదయము వ్యాహ్యాళికి పోయి, వీథిలోనే గుండె ఆగి కూలిపోయెను. వాలెంటీన్ 1942లో నిర్బంధములోనే మరణించెనను వార్త కుటుంబమునకు ఎన్నో ఏండ్లకు గాని అందలేదు.

ఎడింబరోలో దహనము చేయబడిన ఆయన చితాభస్మము జాడ సైతము చాలకాలము తెలియలేదు. 2007లో అది అచటి దహనశాలలోనే కనబడెను. 2011లో దానిని వియన్నాకు తెచ్చి సమాధి చేసిరి.