క్షయ మాత్ర వెనుక ఒక గోదావరి బిడ్డ - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

భద్రాచలం మన్యంలోని గూడేలకు ఆశా కార్యకర్త పట్టుకుపోయే క్షయ మందుల్లో ఇథాంబుటాల్ అనేది ఒకటి ఉంటుంది. 1961లో దీన్ని కనిపెట్టింది అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం. అప్పటికి 13 ఏళ్ల క్రితమే కన్నుమూసినా, ఆ పరిశోధనాలయానికి దారి చూపి నడిపించిన పెద్ద మన తెలుగువాడే. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆనాడు మన భద్రాచలం కూడా గోదావరి జిల్లాలోదే. రాజమండ్రిలో చదువు అంతంతమాత్రం. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని 13వ ఏట ఇల్లు విడిచి పారిపోతే తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లల్ని తిట్టే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి!

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన మనిషికి అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. వైద్యం చదివినవాడు ఇంట్లో ఉండీ ఏం లాభం? ఏ మందు ఇవ్వాలో అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు.

1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరారు. పొట్టకూటికి రాత్రిళ్లు ఆస్పత్రిలో నౌకరీ చేశారు. భార్య శేషగిరి ఆయన్ను మళ్లీ చూడనేలేదు. హార్వర్డులో ఎంతో గొప్ప పరిశోధన చేసినా స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీకి వెళ్లారు. అక్కడ 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులు దానితో కోలుకున్నారు. తన అన్నదమ్ములకు మాత్రం ఆ మందు పాతికేళ్లు ఆలస్యమైంది. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆయన బృందం పనే. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే పోయారు.

ఆనాడు మందు లేక మనుషులు పోయారు. నేడు క్షయకు మందు ఉచితంగా ఇస్తున్నారు. ఇచ్చే చేతికి దాని పద్ధతి తెలియాలి. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు, రోగి బరువును బట్టి, రోజూ వాడాలి. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, పోడు పనికి పోయినవాడు మాత్రలు మరిచిపోతాడు. అక్కడే జబ్బు మొండికేస్తుంది. రంజాన్‌లో కూడా అంతే. మాత్ర ఏ వేళకు వేసుకోవాలో దవాఖానాలో అడగాలి గాని మానకూడదు. చూపు మసకబారినా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా అది ఇథాంబుటాల్ వల్ల కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపాలి. మూత్రం ఎర్రగా వస్తే మాత్రం హడలిపోనక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు.