కొండ గొరిల్లాల కోసం బ్రతికిన డయాన్ ఫాసీ

మన సంఘ సభ్యులలో చాలామంది పిల్లలు, మనవలు ఈనాడు విదేశాలలో ఉన్నారు. వారిలో కొందరు సెలవులు రాగానే ఆఫ్రికాకో, దక్షిణ అమెరికాకో వెళ్ళి వన్యప్రాణి సంరక్షణ శిబిరాలలో జీతం లేకుండా పనిచేసి వస్తున్నారు. చేతి డబ్బు ఖర్చు పెట్టుకుని అడవిలో కష్టపడడం ఏమిటని మనబోటి పెద్దలకు ఆశ్చర్యం కలగడం సహజమే. ఈ దారిలో ముందుగా నడిచి, ఆ దారిలోనే ప్రాణం విడిచిన డయాన్ ఫాసీ జీవితం తెలుసుకుంటే ఆ సేవలోని గొప్పతనమూ, అందులోని చిక్కులూ రెండూ బోధపడతాయి.

డయాన్ ఫాసీ 1932 జనవరి 16న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. ఆమె చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. జంతువులంటే ఉన్న ప్రేమతో పశువైద్యం చదవాలనుకున్నారు గాని భౌతిక, రసాయన శాస్త్రాలు కొరుకుడు పడలేదు. ఆ చదువు మాని, వికలాంగులకు చేతిపనుల ద్వారా చికిత్స చేసే విద్య నేర్చి, 1954లో పట్టం పుచ్చుకున్నారు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ పట్టణంలో వికలాంగ బాలల ఆసుపత్రిలో ఉద్యోగం చేశారు. అంటే మనలాగే నెల జీతం మీద బ్రతికిన మనిషి.

1963లో తన పొదుపు సొమ్ముకు బ్యాంకు అప్పు జోడించి ఏడు వారాల పాటు ఆఫ్రికా చూసి వచ్చారు. టాంజానియా ప్రాంతంలోని ఓల్డువాయ్‌లో ఆదిమానవుల అవశేషాలు తవ్వుతున్న లూయీ లీకీ పండితుణ్ణి కలుసుకున్నారు. కాంగో కొండలలో మొదటిసారి గొరిల్లాలను చూశారు. తిరిగి వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ అప్పు తీర్చారు. 1966లో లీకీ లూయీవిల్‌లో ఉపన్యసించడానికి వచ్చినపుడు ఆమె మళ్ళీ కలిశారు. గొరిల్లాల మీద దీర్ఘకాల పరిశీలన చేయగలవారి కోసం ఆయన వెతుకుతున్నారు. శాస్త్రవేత్త కాని ఈమెనే ఎంపిక చేశారు. అడవిలో వైద్యం దొరకదు గనుక ముందే అపెండిక్స్ తీయించుకోవాలన్నారు. ఆమె ఆపరేషన్ చేయించుకున్నారు. ఆమె పట్టుదల ఎంతటిదో చూడడానికే అలా అన్నానని ఆయన ఆ తరువాత ఉత్తరం వ్రాశారు.

1967 జనవరిలో కాంగోలోని కబారా వద్ద డేరా వేసి పని ప్రారంభించారు. ఆరు నెలలకే అక్కడ అంతర్యుద్ధం రగిలి, సైనికుల చేతుల్లోంచి తప్పించుకుని బయట పడవలసి వచ్చింది. మరొకరైతే స్వదేశానికి తిరుగు ప్రయాణం కట్టేవారే. ఆమె సరిహద్దుకు ఇవతల, రువాండా దేశంలో, 1967 సెప్టెంబరు 24న కొత్త శిబిరం నెలకొల్పారు. కరిసింబి, విసోకే అనే రెండు అగ్నిపర్వతాల నడుమ ఉన్నందున ఆ పేర్లు కలిపి దానికి కరిసోకే అని పేరు పెట్టారు. సుమారు పదివేల అడుగుల ఎత్తు. ఎప్పుడూ వానా, చలీ, బురదా. ఒంటి నిండా దద్దుర్లు లేపే ముళ్ళ మొక్కలు.

గొరిల్లాలు మనిషిని చూస్తే బెదిరి పారిపోయేవి. ఆమె నిలబడి నడవడం మాని, చేతులు నేల కానించి ప్రాకారు. అవి మేసేటప్పుడు చేసే శబ్దాలు నేర్చి అలాగే చేశారు. వాటిలాగే ఆకులు నమిలారు. ఒక్కో గొరిల్లా ముక్కు మీది ముడతలు ఒక్కో తీరుగా ఉంటాయి. మన వేలిముద్రల్లా ఆ ముడతల బొమ్మలు గీసి, పేర్లు పెట్టి, గుంపుల వారీగా లెక్క వ్రాసుకున్నారు. రోజూ సాయంత్రం గుడిసెకు చేరి పగటి వివరాలన్నీ టైపు చేసేవారు. చివరకు 1970లో పీనట్స్ అనే మగ గొరిల్లా తనంతట తానే వచ్చి ఆమె చేతిని తాకింది. గొరిల్లా కోపిష్ఠి రాక్షసి అన్న అపోహ దానితో లోకంలో సడలసాగింది. ఆ పరిశీలనల ఆధారంగానే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇచ్చింది.

ఆమెకు తోడుగా అమెరికా, ఇంగ్లండు దేశాల నుండి విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు వచ్చేవారు. గొరిల్లాలతో ఆడుకోవచ్చునని ఊహించుకుని వచ్చినవారికి అక్కడి పని వేరుగా ఉండేది. గొరిల్లాలు ప్రతి రాత్రీ ఆకులు, కొమ్మలతో కొత్త పడకలు అల్లుకుంటాయి. తెల్లవారాక ఆ పడకలు లెక్కపెట్టి, వాటిలోని పేడ కొలిచి, పెద్దవెన్ని పిల్లలెన్ని అని తేల్చడం వారి విధి. మిగిలిన సమయమంతా వేటగాళ్ళు జింకల కోసం పన్నిన ఉచ్చులు వెతికి తీసివేయడం. ఆ ఉచ్చులలో గొరిల్లాల చేతులు, కాళ్ళు తగుల్కొని కుళ్ళిపోయేవి. ఒంటరితనం, చలి, ఆమె కోపస్వభావం తట్టుకోలేక కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. 1976లో వచ్చిన ఇయాన్ రెడ్మండ్ వంటి యువకులు నిలిచి, తరువాత తామే పేరొందిన సంరక్షకులయ్యారు. అడవిలో దారి చూపి, జాడలు పట్టి, సామాను మోసినవారు మాత్రం రువాండా పల్లెటూళ్ళ మనుషులే.

వేలు దెబ్బతిన్న కారణంగా డిజిట్ అని ఆమె పేరు పెట్టిన గొరిల్లా ఆమెకు ప్రాణసమానం. 1977 డిసెంబరు 31న వేటగాళ్ళు దానిని పొడిచి చంపి, తల, చేతులు నరుక్కుపోయారు. తన గుంపు తప్పించుకునే వరకు అది ఒంటరిగా ఎదిరించి నిలిచింది. ఆ దుఃఖంలో ఆమె 1978లో డిజిట్ నిధిని స్థాపించి, వేటను అరికట్టే కాపలా దళాలను నడిపారు.

ఇక్కడే ఆమె జీవితంలోని వివాదం ఉంది. పట్టుబడ్డ వేటగాళ్ళను కొట్టించడం, వారి సామాన్లు తగులబెట్టడం, అడవిలో మేస్తున్న పశువులపై తుపాకి పేల్చడం వంటివి చేశారు. కొండ క్రింద సెంటు భూమి కోసం అల్లాడే పేద రైతులకు ఆమె శత్రువుగా కనిపించారు. పర్యాటకులను తీసుకువస్తే గొరిల్లాల వల్ల ఆదాయం వచ్చి గ్రామస్థులే వాటిని కాపాడుతారని 1979లో ఇతర సంరక్షకులు ఒక పథకం ప్రారంభించారు. ఆమె దానిని గట్టిగా వ్యతిరేకించారు. మనుషుల రోగాలు గొరిల్లాలకు సోకుతాయన్న ఆమె భయం నిరాధారమైనది కాదు. అందుకే ఈనాటికీ సందర్శకులను దూరంగా నిలబెడుతున్నారు.

1985 డిసెంబరు 26 రాత్రి ఆమెను ఆమె గుడిసెలోనే కత్తితో నరికి చంపారు. అప్పటికి ఆమె వయస్సు 53. ఆమె వద్ద పనిచేసిన రువాండా ఉద్యోగి ఒకరిని నిర్బంధించగా ఆయన జైలులోనే మరణించారు. స్వదేశం చేరిపోయిన ఒక అమెరికన్ పరిశోధకునికి, అతని పరోక్షంలో, అక్కడి న్యాయస్థానం శిక్ష విధించింది. ఆ తీర్పును చాలామంది నమ్మలేదు. ఆమెను డిజిట్ ప్రక్కనే సమాధి చేశారు.

1994లో రువాండాలో మారణహోమం జరిగి, కరిసోకే శిబిరం నేలమట్టమైంది. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన రువాండా సిబ్బంది, పరిస్థితి కుదుటపడగానే తిరిగి వచ్చి గొరిల్లాల జాడ తీశారు. ఆమె 1983లో వెలువరించిన పుస్తకం, దాని ఆధారంగా 1988లో వచ్చిన చలనచిత్రం ప్రపంచపు దృష్టిని ఆ కొండల వైపు త్రిప్పాయి. 1980 ప్రాంతంలో విరుంగా కొండలలో సుమారు 250 గొరిల్లాలే మిగిలాయి. 2015-16 లెక్కలలో అక్కడ 604 ఉన్నట్లు తేలింది. పర్యాటకుల నుండి వచ్చే రాబడిలో ఒక వంతు ఇప్పుడు రువాండా గ్రామాల బడులకు, రోడ్లకు వెళుతున్నది. ఆమె స్థాపించిన నిధి ఇప్పుడు ఆమె పేరుతోనే పనిచేస్తున్నది.

ఆమె ఉండి కాపలా కాయకపోతే కాపాడుకోవడానికి ఆ గొరిల్లాలు మిగిలేవి కావని చాలామంది భావన. ఆ ఊరివారిని కలుపుకోకపోతే ఆమె తరువాత అవి నిలిచేవి కావన్నదీ అంతే నిజం. మన మనవరాలో, మనవడో ఇటువంటి సేవకు బయలుదేరితే వద్దనకండి. వెళ్ళిన చోట చెప్పిన చిన్న పనిని శ్రద్ధగా చేయమనండి. అక్కడి మనుషుల భాష నాలుగు ముక్కలైనా నేర్చుకోమనండి. వారి అన్నం తిని, వారి కష్టం విని రమ్మనండి. డయాన్ ఫాసీకి మనం అర్పించగల నివాళి అదే.