నోటిలో కనబడే జబ్బు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. వెలుతురున్న చోట అద్దం ముందు నిలబడి నోరు తెరవండి. నాలుక బయటికి చాపి చూడండి. నాలుక మీద సన్నని గరుకు ఉందా, లేక నున్నగా, ఎర్రగా ఉందా? పెదవుల మూలలు చీరి ఉన్నాయా? పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? చూసినదాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి. పాఠం మధ్యలో దానితో పని పడుతుంది.

పళ్ళు తోముకోవడం మనందరికీ అలవాటే. అయితే దేనితో తోముతున్నాం? మీలో కొందరు బిలాస్‌పూర్‌లో, రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పుట్టినవారు. పొద్దున్నే వ్యాపార్ విహార్‌లో టోకు కొట్ల దగ్గర లారీల సరుకు దించడానికి వచ్చినవారిని గమనించండి. వేలితో నల్లటి ముద్దను పళ్ళకు రుద్దుకునేవారు కనిపించవచ్చు. అది గుడాఖు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసిన ముద్ద. ఛత్తీస్‌గఢ్‌లో ఆడవారికీ మగవారికీ ఈ అలవాటు ఉంది. దాన్ని రుద్దుకునేవారు పళ్ళు శుభ్రం చేసుకుంటున్నామనే అనుకుంటారు. నిజానికి పొగాకులోని నికోటిన్ నోటి పొర గుండా నేరుగా రక్తంలోకి పోతుంది. నోటిలో పెట్టింది నోటిలోనే ఉండిపోదు. అలాగే ఒంట్లో జరిగేది నోటిలో కనబడకుండా ఉండదు. ఈ రెండో సంగతి అర్థం కావడానికి ఒక తెలుగువాని జీవితం మనకు సాయపడుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు మీద మొదట్లో ఆయనకు ధ్యాస లేదు. 13 ఏళ్ళ వయసులో, కాశీ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరారు. పెద్దలు వెతికి వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారి రాస్తే గాని గట్టెక్కలేదు. చదువు మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టిన మీకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు. తర్వాత సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠానికి వెళ్ళారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, మరికొందరు మిత్రులు చదువుకు డబ్బు సాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు పెళ్ళయింది.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. సుబ్బారావు ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యునికి కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రం వచ్చింది. దానితో ప్రభుత్వ వైద్యోద్యోగం అందలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఈలోగా ఇంటి మీద పిడుగు పడింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు చేసింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి మందుతో ఆయన బతికి బయటపడ్డారు.

స్ప్రూ అంటే ఏమిటో కొంచెం ఆగి తెలుసుకుందాం. ఇది పేగుల జబ్బు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తం పలచబడుతుంది. అయితే రోగికి ఎక్కువ బాధ కలిగించే చోటు నోరు. నాలుక ఎర్రబారి, పైనున్న గరుకంతా పోయి నున్నబడుతుంది. నోరు పూస్తుంది. కారం కాదు గదా, గోరువెచ్చని గంజి తగిలినా మండుతుంది. ఆ జబ్బు పేరే నోటిపూతను సూచించే ఒక డచ్చి మాట నుంచి వచ్చింది. అంటే ఆ పేరు పెట్టినవారికి ముందు కనబడింది పేగు కాదు, నోరు. ఇంట్లో ఎవరికైనా నోరు పూస్తే వేడి చేసిందని మజ్జిగ తాగించి ఊరుకోవడం మనకు అలవాటు. రెండు మూడు రోజుల్లో తగ్గితే సరే. నెలల తరబడి తగ్గని పూత వేరు.

1920ల తొలి సంవత్సరాలలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా డబ్బు సాయం చేశారు. అది చాలలేదు. రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి, పగలు చదువుకున్నారు. ఇంటి దగ్గర భార్య గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండా చర్మానికి వచ్చే ఒక అంటువ్యాధితో చనిపోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. సుబ్బారావు మళ్ళీ స్వదేశానికి రాలేదు. శేషగిరమ్మగారి జీవితమంతా ఎదురుచూపుతోనే గడిచింది. గొప్పవారి చరిత్రలు చెప్పేటప్పుడు ఇటువంటి సంగతులను దాటవేస్తుంటారు. దాటవేయడం న్యాయం కాదు.

హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. భాస్వరం మనకు కొత్తదేమీ కాదు. మన పళ్ళూ ఎముకలూ గట్టిగా ఉండటానికి కారణం కాల్షియం, భాస్వరం కలిసిన పదార్థమే. ఆ పద్ధతితోనే కండరాలను పరిశీలించి, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. కండరం కదలడానికి కావలసిన శక్తి దాని నుంచే వస్తుంది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల సంస్థలో చేరి, తర్వాత పరిశోధనలకు నాయకుడయ్యారు.

ఇక్కడ కథ ఒకసారి బొంబాయికి వెళ్ళి రావాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారు. అందులో ఏదో తెలియని పోషకం ఉందన్నమాట. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి అటువంటి పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కాని ఆకుల నుంచి తీస్తే వచ్చేది చిటికెడు కూడా కాదు. రోగులకు ఇవ్వాలంటే ప్రయోగశాలలో తయారుచేయాలి. సుబ్బారావు బృందం 1945లో ఆ పని సాధించింది. ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే నోటి మంట తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. తన అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ తర్వాత మాట ఇది.

ఒక విటమిన్ లోపం నాలుక మీద ఎందుకు కనబడాలి? నోటి లోపలి పొర, నాలుక పైపొర ఎప్పుడూ అరిగిపోతూ, కొద్ది రోజులకే కొత్తగా తయారవుతూ ఉంటాయి. కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తకణాలకూ అంతే. అందుకే అది తక్కువైతే నాలుకా రక్తమూ కలిసి దెబ్బతింటాయి.

ఇప్పుడు మీ నోటు పుస్తకం తీయండి. నాలుక నున్నగా, ఎర్రగా ఉందని రాసుకున్నారా? ఫోలిక్ ఆమ్లమో, ఇనుమో, బి12 విటమినో తక్కువై ఉండవచ్చు. ఏది తక్కువో రక్తపరీక్షే చెప్పాలి. కొట్టులో మాత్రలు కొని మీ అంతట మీరు మింగకండి. బి12 తక్కువైనవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే తీసుకుంటే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది కాని నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. గర్భిణులకు ఏ.ఎన్.ఎం. ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమూ ఉంటుంది. దానిని మానకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని రాసుకున్నవారు గారను డాక్టరు చేత తీయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా వస్తుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే మధుమేహం అదుపు తప్పుతుంది. రెండువారాలు దాటినా మానని పుండో తెల్లని మచ్చో ఉంటే, ముఖ్యంగా గుడాఖు, గుట్కా, చుట్ట అలవాటున్నవారు వెంటనే చూపించుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఆడవారు చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని డాక్టర్లు ఎన్నడో గుర్తించారు.

తిండి సంగతి అంత కష్టం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర, మరెన్నో ఆకుకూరలు దొరుకుతాయి. టోకు కొట్లలో బస్తాల్లో ఉండే శనగల్లో, పెసల్లో ఫోలిక్ ఆమ్లం బాగా ఉంటుంది. అయితే ఆకుకూరను చాలాసేపు ఉడికించి ఆ నీరు పారబోస్తే, సగం సారం దానితోనే పోతుంది. నమలడానికి పళ్ళు లేనివారు ముందుగా మానేసేది కూడా శనగలూ, ఆకుకూరలే. పళ్ళు ఊడితే విటమిన్ తగ్గడం, విటమిన్ తగ్గి నోరు పూయడం ఇలా ఒకదానికొకటి తగులుకుంటాయి.

సుబ్బారావు జీవితంలో చివరి మూడేళ్ళు పంటకాలం వంటివి. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ 1947లో వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసింది. రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు సిడ్నీ ఫార్బర్ దాన్ని ఇచ్చి, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడం చూశారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. దాన్ని వాడే రోగులకు నోరు పూయడం మామూలు. కారణం మీరే ఊహించగలరు. కొత్త కణాలు పుట్టడాన్ని మందు ఆపుతోంది కదా.

మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన సూక్ష్మజీవితో ఆరియోమైసిన్ తయారైంది. సుబ్బారావు ఆధ్వర్యంలో వచ్చిన ఈ మందును 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. ఎన్నో అంటురోగాలను ఈ మందులు అణచాయి. కాని ఇవి కాల్షియానికి అతుక్కుంటాయి. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇస్తే ఏర్పడుతున్న పళ్ళలో చేరి పసుపు, గోధుమ రంగు మచ్చలుగా మిగిలిపోతాయి. ఎంత తోమినా పోవు. ఈ సంగతి తర్వాత తెలిసింది. పాత చీటీ చూపి పిల్లలకు మందు కొనకూడదనడానికి ఇదొక కారణం.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోకుండా భారతీయుడిగానే ఉండిపోయారు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

ఉష్ణమండల స్ప్రూ వచ్చినవారికి డాక్టర్లు ఇప్పుడు ముఖ్యంగా రెండు మందులు కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండోది టెట్రాసైక్లిన్.