యుంగ్ వింగ్ జీవితము

విదేశవిద్యను గోరు మన విద్యార్థుల కొఱకు యుంగ్ వింగ్ చరిత్రమును సంగ్రహముగాఁ దెలుపుచున్నాము.

ఈతఁడు 1828వ సంవత్సరమున, చైనాదేశమున మకావు చెంతనున్న యొక గ్రామమున, బీదకుటుంబమునందు జన్మించెను. మిషను పాఠశాలలోఁ జదువుచుండఁగా ఉపాధ్యాయుఁడగు బ్రౌనుదొర స్వదేశమునకు మరలుచు 1847లో ఈతనిని, మఱి యిద్దఱు బాలురను అమెరికాకుఁ గొనిపోయెను. మాన్సన్ అకాడమీలోఁ జదివిన పిమ్మట యేల్ కళాశాలలోఁ జేరఁగోరెను గాని చేత ధనము లేదు.

మాన్సన్ ధర్మకర్తలయొద్ద బీదవిద్యార్థులకై యొక నిధి యుండెను. కాని దానిని గైకొనువాఁడు మిషనరీ కాఁగలనని ముందుగాఁ బ్రతిజ్ఞ చేయవలయును. అది యుత్తమవృత్తియే. ఐనను స్వదేశమునకుఁ దా నేవిధమున సేవచేయఁగలఁడో యెఱుఁగకమునుపే మాట యిచ్చుట తగదని యాతఁడు నిరాకరించెను. యేల్ ద్వారము మూసికొనినట్లే తోఁచెను. అంతట బ్రౌనుదొర యీ సంగతిని జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణపు స్త్రీసమాజమునకుఁ దెలుపఁగా వారు సాయపడిరి.

1850లో యేల్ కళాశాలఁ జేరి, గణితమున వెనుకఁబడినను ఆంగ్లవ్యాసరచనలో బహుమానములు గాంచెను. తోడివిద్యార్థుల భోజనశాల పనులు చూచి కొంత సంపాదించుకొనెను. 1854లో అమెరికా కళాశాలయందుఁ బట్టమందిన ప్రథమ చైనీయుఁ డయ్యెను.

ఈతని యత్నముచే 1872 మొదలు 1875 వఱకు 120 మంది చైనాబాలురు ప్రభుత్వధనముతో అమెరికాకుఁ జదువఁబోయిరి. 1881లో ప్రభుత్వము వారిని వెనుకకుఁ బిలిపించుటచే ఈతని యాశ భగ్నమయ్యెను. ఐనను వారిలోఁ బలువురు మరలివచ్చి దేశమునకు మిక్కిలి యుపయోగపడిరి. 1912లో ఈతఁడు హార్ట్‌ఫర్డు పట్టణమున మృతినొందెను.

విద్యార్థులారా, విద్యకై సహాయ మడుగుట సిగ్గు గాదు. నెఱవేర్పలేని మాట నిచ్చి దానిని బొందుటయే సిగ్గని యీ చరిత్రమువలన మనము గ్రహింతము గాక.