ప్రియురాలి పేరు, తన పేరు కలిపి ఆపరేటింగ్ సిస్టమ్.. ఎవరీ ఇయాన్ మర్డాక్?

హుజూర్‌నగర్: ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్న బీటెక్ స్టూడెంట్లు మొదట నేర్చుకునే కమాండ్లలో ఆప్ట్ ఒకటి. ఒక్క లైన్ కొడితే చాలు. కావాల్సిన సాఫ్ట్‌వేర్ దిగుతుంది, దానికి అవసరమైన మిగతా వాటిని కూడా వెంట తెచ్చుకుని సెట్ అయిపోతుంది. హుజూర్‌నగర్‌లో కొట్టినా, హైదరాబాద్ ఐటీ కంపెనీలో కొట్టినా ఆ కమాండ్ వెనక ఉన్నది డెబియన్. దాన్ని మొదలుపెట్టే నాటికి ఇయాన్ మర్డాక్ వయసు 20 ఏళ్లే. డిగ్రీ కూడా పూర్తి కాలేదు.

ఇయాన్ 1973 ఏప్రిల్ 28న అప్పటి పశ్చిమ జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికన్లు. తండ్రి కీటక శాస్త్రవేత్త. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఆయనకు ప్రొఫెసర్ ఉద్యోగం రావడంతో కుటుంబం లఫాయెట్‌లో స్థిరపడింది. ఇయాన్ కూడా అదే యూనివర్సిటీలో చేరాడు. అక్కడే యూనిక్స్ కంప్యూటర్లు పరిచయమయ్యాయి. అలాంటి సిస్టమ్ ఇంట్లో కూడా ఉంటే బాగుండనిపించింది. కానీ అప్పట్లో యూనిక్స్ అంటే కంపెనీలకు, యూనివర్సిటీలకు తప్ప మామూలోళ్లకు అందేది కాదు.

సరిగ్గా అప్పుడే లైనక్స్ కనిపించింది. 1991లో ఫిన్లాండ్ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్ రాసి, అందరికీ ఇచ్చేసిన కెర్నల్ అది. అయితే కెర్నల్ ఒక్కటే ఉంటే ఏం లాభం? ట్రాక్టర్ ఇంజిన్ ఒక్కటే తెచ్చుకుని దుక్కి దున్నలేం కదా. మిగతా ప్రోగ్రాములన్నీ బిగించి ఇచ్చే మూట కావాలి. అప్పటికి ఎక్కువ మంది వాడుతున్న మూట ఎస్‌ఎల్‌ఎస్. ఇయాన్ కూడా అదే వేసుకున్నాడు. చూస్తే నిండా తప్పులు. పోనీ ఎవరైనా సరిచేస్తారా అంటే అదీ లేదు. దాంతో విసుగొచ్చి తానే కొత్తది మొదలుపెట్టాడు.

1993 ఆగస్టు 16న ఆ సంగతి ప్రకటించాడు. ప్రియురాలు డెబ్రా పేరులోంచి డెబ్, తన పేరు ఇయాన్.. రెండూ కలిపితే డెబియన్. తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు, చాలా ఏళ్లకు విడిపోయారు కూడా. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

డెబియన్ మ్యానిఫెస్టో కూడా రాశాడు. సాఫ్ట్‌వేర్ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడం ఇంకో ఎత్తు అన్నది అందులోని అసలు పాయింట్. హుజూర్‌నగర్ రైతులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ తవ్వడంతో పని అయిపోలేదు. పూడిక తీయకపోతే చివరి పొలానికి నీళ్లు రావు. సాఫ్ట్‌వేర్‌కూ అంతే.

మరి ఆ పూడిక ఎవరు తీయాలి? ఇక్కడే ఇయాన్ తెలివి కనిపిస్తుంది. మొత్తం సిస్టమ్‌ను చిన్న చిన్న ప్యాకేజీలుగా విడగొట్టి, ఒక్కో ప్యాకేజీ బాధ్యత ఒక్కో వాలంటీర్‌కు అప్పగించే పద్ధతి పెట్టాడు. తప్పు ఎక్కడుందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ప్యాకేజీలను ఎక్కించడానికి, తీసేయడానికి డీప్యాకేజ్ అనే టూల్‌ను కూడా మొదట తనే రాశాడు. తర్వాత దాన్ని వేరేవాళ్లు తిరగరాశారు. ఆప్ట్ కూడా ఇయాన్ రాసింది కాదు, ఆయన తప్పుకున్న తర్వాత దాని మీద వచ్చిందే. మొదట్లో ఏడాది పాటు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఖర్చుకు సాయం చేసింది.

ఇంకో విశేషం ఏంటంటే, 1996 మార్చిలో ఇయాన్ పగ్గాలు వదిలేశాడు. అప్పటికి 22 ఏళ్లు. తర్వాత లీడర్ అయిన బ్రూస్ పెరెన్స్ అప్పట్లో పిక్సార్‌లో పనిచేసేవాడు. అందుకే డెబియన్ వెర్షన్లకు టాయ్ స్టోరీ సినిమాలోని బొమ్మల పేర్లు.. బజ్, రెక్స్, వుడీ ఇలా. ఇంకా పరీక్షలు దాటని, ఎప్పుడు ఏది చెడిపోతుందో తెలియని వెర్షన్‌కు మాత్రం ఎప్పటికీ ఒకటే పేరు, సిడ్. సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు! ఈ సిడ్‌లో పడి, తర్వాత టెస్టింగ్ దాటితేనే ఏ ప్యాకేజీ అయినా స్టేబుల్‌లోకి వస్తుంది. లీడర్‌ను కూడా ఏటా డెవలపర్లే ఓట్లేసి ఎన్నుకుంటారు.

ఇయాన్ ఆ తర్వాత ప్రొజెనీ అనే కంపెనీ పెట్టాడు. లైనక్స్ ఫౌండేషన్‌లో పనిచేశాడు. 2007లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరి, వాళ్ల యూనిక్స్ అయిన సొలారిస్‌ను జనానికి దగ్గర చేసే ప్రాజెక్ట్ ఇండియానాను నడిపించాడు. 2008లో ఓపెన్ సొలారిస్ బయటికొచ్చింది. కానీ 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది, ఓపెన్ సొలారిస్‌కు అక్కడితో బ్రేక్ పడింది. కంపెనీ చేతులు మారితే ప్రాజెక్టు పోయింది. డెబియన్‌ను అలా కొందామన్నా అమ్మేవాళ్లు లేరు.

2015 నవంబర్‌లో డాకర్ కంపెనీలో చేరాడు. అదే ఏడాది డిసెంబర్ 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. అప్పటికి 42 ఏళ్లు. చివరి రోజుల్లో పోలీసులతో తలెత్తిన గొడవ గురించి సోషల్ మీడియాలో తీవ్ర ఆవేదనతో పోస్టులు పెట్టాడు. దాంతో మరణంపై రకరకాల ప్రచారాలు జరిగాయి. ఆత్మహత్యేనని 2016లో అధికారులు తేల్చారు. (మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 నంబర్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.)

డెబియన్ మాత్రం ఆగలేదు. 2017 జూన్‌లో వచ్చిన 9వ వెర్షన్ స్ట్రెచ్‌ను డెవలపర్లు ఇయాన్‌కు అంకితమిచ్చారు. 2023లో వచ్చిన 12వ వెర్షన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఉబుంటు పుట్టింది దీని నుంచే. మన సీ-డాక్ తయారు చేసిన బాస్ లైనక్స్‌కూ ఆధారం ఇదే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తేవాలనుకున్నప్పుడు పునాదిగా తీసుకున్నదీ డెబియన్‌నే. 2023 సెప్టెంబర్‌లో డెబియన్ డెవలపర్ల వార్షిక సమావేశం మొదటిసారి మన దేశంలో, కొచ్చిలో జరిగింది.

ఇప్పుడు డెబియన్ వేసుకునేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న భాష ఏంటని. ఆ లిస్టులో తెలుగు కూడా ఉంది.