మన మాటల వెనుక ఒక తగాదా: రాబర్ట్ డి నొబిలి స్వామి జీవితం



సికింద్రాబాదులోని మరియమాత దేవాలయాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఐర్లండు దేశస్థులైన డేనియల్ మర్ఫీ మేత్రాణులవారు 1847లో మొదలుపెట్టించగా 1850 నాటికి పూర్తయిన గుడి అది. 2008లో బసిలికా హోదా పొందింది. మీ విచారణ అది కాకపోవచ్చు. ఎక్కడికి వెళ్ళినా మన నోట వచ్చే మాటలు మాత్రం ఇవే: సర్వేశ్వరుడు, దివ్యపూజ, వరప్రసాదం, జ్ఞానస్నానం, పాపసంకీర్తనం. మన తాతముత్తాతలు పలికిన మాటలు కనుక ఇవి సృష్టి మొదటినుంచీ ఉన్నవే అన్నంత ధీమా మనకు.

ఆ ధీమాతోనే మనం పోట్లాడుకుంటూ ఉంటాం. జపాల పుస్తకంలో ఒక మాట మారితే పెద్దలకు కోపం. పాత మాట అర్థం కాలేదంటే పిల్లలకు చిన్నచూపు. పూజలో హారతి ఎత్తితే ఒకరికి భక్తి, ఇంకొకరికి అనుమానం. ఒకే ఇంట్లో అత్తగారి చేతిలో 73 పుస్తకాల బైబులు, ప్రొటెస్టెంటు ఇంటినుంచి వచ్చిన కోడలి చేతిలో 66 పుస్తకాల బైబులు. ఒకరు జ్ఞానస్నానం అంటే మరొకరు బాప్తిస్మం అంటారు. ఏది అసలైనది అని మమ్మల్ని అడిగినవాళ్ళు లేకపోలేదు.

దానికి జవాబుగా కాదు గాని, ఈ వారం మీకు ఒక స్వామివారి కథ చెప్పాలనిపించింది. మనం ఇంత పవిత్రంగా పలికే మాటల్లో కొన్నింటిని మొదట పలికినందుకు ఆయన దోషిగా నిలబడవలసి వచ్చింది. ఆయన మీద ఫిర్యాదు చేసినవారు అన్యమతస్థులు కారు, తోటి కతోలిక గురువులే.

రాబర్ట్ డి నొబిలి 1577లో పెద్ద ప్రభువుల వంశంలో పుట్టారు. 3వ జూలియస్ జగద్గురువులకూ, వేదశాస్త్ర పండితులైన రాబర్ట్ బెల్లార్మిను కార్డినలుకూ బంధువులు. ఆ పలుకుబడి చాలు, ఇంటిపట్టున ఉండి ఎర్ర టోపీ పెట్టుకోవడానికి. ఆయన అది వద్దనుకుని యేసుసభలో చేరారు. 1605లో గోవాలో ఓడ దిగి, 1606 నవంబరులో మధుర చేరుకున్నారు.

మధుర తమిళదేశమే గాని అప్పుడు ఏలుతున్నది తెలుగువారైన నాయకరాజులు. కొలువులో తెలుగు మాట్లాడేవారు. ఆనాటి యేసుసభ గురువులు తమ ఉత్తరాల్లో తెలుగును బడగ భాష అని రాసేవారు. మన వడుగు అన్నమాటే అది. డి నొబిలి స్వామి తమిళంతో పాటు ఆ భాషనూ, శివధర్ముడనే బ్రాహ్మణ పండితుని వద్ద సంస్కృతాన్నీ నేర్చుకున్నారు. అందుచేత ఆయన కొంతవరకు మన మనిషి కూడా.

మధురలో అప్పటికే ఒక గురువు ఉన్నారు. ఫాదర్ గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు వృద్ధుడు, పూర్వాశ్రమంలో సిపాయి. గుడి, బడి, వైద్యశాల నడుపుతూ, తీరం నుంచి వచ్చిన పరవ క్రైస్తవులను చూసుకుంటూ పదకొండేళ్ళు శ్రమించారు. మంచివారు, కష్టజీవి. అయినా ఆ పదకొండేళ్ళలో మధుర వాస్తవ్యుడు ఒక్కడూ క్రైస్తవుడు కాలేదు.

కారణం ఏమిటో కొత్తగా వచ్చిన యువగురువు కొద్దికాలంలోనే కనిపెట్టారు. ఊరివాళ్ళు ఆ గురువులను పరంగులు అనేవారు. మనం ఫిరంగి అంటామే, అదే మాట. గొడ్డుమాంసం తిని, సారా తాగి, స్నానం ఎరుగని సీమవాళ్ళని దానికి లోకంలో అర్థం. పైగా జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు, పరంగి కులంలో చేరడానికి నీకు ఇష్టమేనా అనే అర్థం వచ్చేట్టు ప్రశ్న వేసేవారట. క్రీస్తునాథుని దగ్గరికి వచ్చే దారి కాస్తా పోర్చుగీసు కులంలోకి వెళ్ళే దారిగా జనానికి కనిపించింది. (ఇంతగా తప్పించుకోచూసిన ఆ ఫిరంగి మాటే మన గుంటూరు జిల్లాలో పేరుపొందిన కతోలిక గ్రామమైన ఫిరంగిపురం పేరులో నిలిచి ఉంది. కాలం చేసే చిత్రాలు ఇలాగే ఉంటాయి.)

ఇక మాటల సంగతి. అప్పటి తమిళ జపాల్లో పోర్చుగీసు మాటలను ఉన్నవున్నట్టే తమిళ లిపిలో దింపేవారు. పూజను మిస్సా అనేవారు. అది తమిళుడి చెవికి మీసై అని వినపడేది. మీసై అంటే మన మీసమే! స్వామివారు మీసానికి రమ్మంటున్నారని విన్నవాడు ఏమనుకోవాలి? నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, దేవుని బలిని గురించి చెప్పే మాట జనానికి నవ్వు తెప్పిస్తుంటే ఆ తరువాత చెప్పే సువిశేషం ఎవరు వింటారు?

డి నొబిలి స్వామి ఆ మాటలను పక్కన పెట్టారు. దేవుని సర్వేశ్వరుడన్నారు. మిస్సాను పూజ అన్నారు. గుడిని కోవిల అనీ, కృపను ప్రసాదం అనీ, క్రైస్తవ ధర్మాన్ని వేదం అనీ, గురువును గురువు అనీ పిలిచారు. ఆయన బైబులును అనువదించలేదు. అయితే బైబులు చెప్పడానికి కావలసిన మాటలను ముందుగా ఏర్చి పెట్టారు. జ్ఞానోపదేశం, ఆత్మనిర్ణయం, దూషణధిక్కారం వంటి తమిళ గ్రంథాలు రాశారు. జనం ఆయనను తత్త్వబోధక స్వామి అన్నారు. వందేళ్ళ తరువాత తరంగంబాడిలో లూథరన్ మిషనరీలు తమిళ నూతన నిబంధనను అచ్చువేసినప్పుడు (1714-15) వారు కూడా కతోలిక పుస్తకాల నుంచి ఎన్నో మాటలు తీసుకున్నారు. ఆ మాటల్లో కొన్ని మన తెలుగు జపాల్లోకి కూడా వచ్చాయి. మన పెద్దలు వాడే తిరుసభ అన్న మాటలోని తిరు ఏ భాషదో మీకే తెలుసు.

మాటలతో ఆగలేదు. నల్లని అంగీ విడిచి కాషాయం కట్టారు, పాదుకలు తొడిగారు, మాంసం మాని ఒంటిపూట భోజనం చేశారు. క్రైస్తవులైన బ్రాహ్మణులు జందెం, పిలక, గంధం, స్నానం మానక్కర లేదన్నారు. అవి మతం గుర్తులు కావు, మర్యాద గుర్తులని ఆయన వాదం. శివధర్ముడు కూడా క్రీస్తును అంగీకరించాడు.

1610లో ఫాదర్ ఫెర్నాండెజ్ పైవారికి ఫిర్యాదు రాశారు. అందులోని బాధను తేలిగ్గా తీసివేయకండి. విగ్రహాలకు చేసేదాన్ని పూజ అంటారే, ఆ మాటను క్రీస్తు బలికి అంటగట్టవచ్చునా? తన పక్కనే ఉంటూ, తనతో కలిసి భోజనం చేయక, తానొక వేరే మతం గురువైనట్టు బతికే సహోదరుణ్ణి ఏమనాలి? మీరు ఆ వృద్ధుడి స్థానంలో ఉంటే ఊరుకునేవారా? కబుర్లు రోముకు పాకాయి. బంధువైన బెల్లార్మిను కార్డినలుగారే కలవరపడి మందలిస్తూ ఉత్తరం రాశారు, సంగతి పూర్తిగా తెలిశాక సమాధానపడ్డారు. డి నొబిలి స్వామి 1610లో ఒక జవాబు, 1613లో మన దేశాచారాలను వివరిస్తూ పెద్ద గ్రంథం లాటినులో రాశారు. మన ధర్మశాస్త్రాల నుంచే ఆధారాలు చూపించారు. మొదట అండగా ఉన్న పెద్ద మారిపోయి, కొత్తగా వచ్చిన పెద్ద అడ్డుపడటంతో కొన్నాళ్ళు కొత్తవారికి జ్ఞానస్నానం ఇచ్చే పని కూడా ఆగిపోయింది.

1619లో గోవాలో సభ జరిగింది. అగ్రపీఠాధిపతి క్రిస్తొవావ్ డి సా గారు తీవ్రంగా వ్యతిరేకించారు. సభలో ఎక్కువమంది ఆయన పక్షమే. క్రంగనూరు అగ్రపీఠాధిపతి రోస్ గారు డి నొబిలి పక్షాన నిలిచారు. చిత్రమేమిటంటే విశ్వాస విచారణాధికారి అల్మెయిడా గారు కూడా ఆ పక్షమే. కాగితాలు రోముకు వెళ్ళాయి. అక్కడ పరిశీలించిన సంఘానికి పెద్ద అర్మాగ్ అగ్రపీఠాధిపతి పీటర్ లొంబార్డు, ఐర్లండువారు. ఆయన కూడా డి నొబిలి వైపే మొగ్గారు. 1623 జనవరి 31న 15వ గ్రెగొరీ జగద్గురువులు తీర్పు ఇచ్చారు. మూఢనమ్మకం కలవకుండా ఉంటే జందెం, పిలక, గంధం, స్నానం ఉంచుకోవచ్చు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. పై కులాల క్రైస్తవులు కింది కులాలవారిని చులకన చేయరాదని, అందులోనూ దేవుని వాక్యం వినేచోట, దివ్యసంస్కారాలు స్వీకరించేచోట అసలే తగదని జగద్గురువులు వేడుకున్నారు.

ఆ వేడుకోలు నెరవేరలేదు. ఇక్కడ మన స్వామివారిని పొగడుతూ దాటిపోవడం న్యాయం కాదు. ఆయన పై కులాలవారికి తలుపు తీశారు గాని, ఆ తలుపు తీయడానికి మధ్యలో ఒక గోడ కట్టవలసి వచ్చింది. పరవలకు ఒక గుడి, వీరికి ఒక గుడి. 1640 ప్రాంతంలో కింది కులాలవారి కోసం పండారస్వాములు అనే వేరే గురువుల వర్గాన్ని ఏర్పాటు చేశారు. వేలమందికి దానివల్ల సువిశేషం అందిన మాట నిజం. గురువుల్లో కూడా రెండు వరుసలు ఏర్పడిన మాట కూడా నిజమే. మాటల విషయంలో ఫాదర్ ఫెర్నాండెజ్ పొరబడ్డారు. ఒకే సభలో రెండు భోజనాలేమిటి అన్న ఆయన బాధ మాత్రం పొరబాటు కాదు.

1700 తరువాత ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి నుంచి ఇదే పద్ధతిలో కాషాయం కట్టి మన రాయలసీమకు, పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చారు. తగాదా కూడా వారి వెంటే వచ్చింది. 1704లో జగద్గురువుల ప్రతినిధి తూర్నోన్ గారు ఈ ఆచారాల్లో చాలావాటిని నిషేధించారు. 1744లో 14వ బెనెడిక్టు జగద్గురువులు ఆ నిషేధాన్ని గట్టిపరిచారు. ఆ నిషేధాన్ని మనవాళ్ళలో కొందరు రోము మన సంస్కృతిని తొక్కివేసిందని చదువుతారు. అందులో కొంత నిజం ఉంది. కాని పంచముల ఇంట రోగి పడి ఉంటే గడప దాటనని గురువు అనడానికి వీల్లేదని చెప్పింది కూడా ఆ ఆజ్ఞలే. ఏ పక్షం పాతది, ఏ పక్షం కొత్తది? చెప్పడం అంత తేలిక కాదు.

ఆ నిషేధానికి కట్టుబడతామని గురువులు చేయవలసిన ప్రమాణాన్ని రోము 1940లో తీసివేసింది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ ఆరాధనలో దేశభాషలకు తలుపు తెరిచింది. 1969 ఏప్రిలులో భారతదేశ ఆరాధనకు పన్నెండు మార్పులు అంగీకరించింది: చేతులు జోడించి నమస్కారం, నేల మీద కూర్చోవడం, హారతి, ఇలాంటివి. మళ్ళీ అదే పోట్లాట, ఈసారి మన గుళ్ళలో. ఇక ఆ గోడ విషయం: సికింద్రాబాదులోనే నివాసముండే మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినలు అయ్యారు. దళితులలోనుంచి కార్డినలు అయిన మొదటివారు ఆయనే. డి నొబిలి స్వామి మధురలో అడుగుపెట్టి అప్పటికి దాదాపు 416 ఏళ్ళు.

స్వామివారి కడపటి రోజుల సంగతి చెప్పనే లేదు. తీర్పు వచ్చాక ఆయన తిరుచిరాపల్లి, సేలం ప్రాంతాలు కాలినడకన తిరిగారు. 1640లో మధురలో చెరసాల పాలయ్యారు. ముసలితనంలో చూపు మందగించింది. పెద్దలు ముందు యాళ్ళపాణానికి, తరువాత మైలాపూరుకు పంపారు. అక్కడ సభ వారి ఇంట్లో సౌకర్యంగా ఉండవచ్చు గాని, ఊరి బయట చిన్న మట్టి గుడిసెలో ఉంటూ ఆకుకూరలే తింటూ, కళ్ళు కనపడకపోయినా శిష్యులచేత తన పుస్తకాలను సరిచేయించుకుంటూ గడిపారు. 1656 జనవరి 16న అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన ఈ దేశానికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. పుట్టిన ఊరికి ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళలేదు.