ఆకాశయుద్ధమునకు సూత్రకారుడు

శత్రువులను కూల్చి కీర్తి గడించిన వీరులు ప్రతి యుద్ధమునందును కానవత్తురు. తమ విద్యను దాచుకొనక తోడివారికి నేర్పి పోయిన వీరులు అరుదు. మొదటి ప్రపంచ యుద్ధమునందలి జర్మను వైమానికుడు ఓస్వాల్డు బోల్కే అట్టివారిలో అగ్రగణ్యుడని మేము తలంచుచున్నాము.

బోల్కే 1891 వ సంవత్సరము మే 19 వ తేదీన హాలె నగర సమీపమున ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించెను. బాల్యమున ఉబ్బసముచే బాధపడినను, వ్యాయామముచేతను పర్వతారోహణముచేతను దేహమును దృఢపరచుకొనెను. సైనిక విద్యయందలి కాంక్షచే, తలిదండ్రులకు తెలియకుండ కైజరు చక్రవర్తికే జాబు వ్రాసెను. 1911 లో సైన్యమునందలి తంతి శాఖలో చేరి, 1914 ఆగస్టులో, యుద్ధము ఆరంభమైన దినములలోనే, విమానచోదకుడుగా కృతార్థుడయ్యెను.

ఆనాటి విమానములు శత్రుసేనల కదలికలను కనిపెట్టుటకే ముఖ్యముగా ఉపయోగపడుచుండెను. 1915 లో ఫోకరు కర్మాగారమువారు, ముందు తిరుగు పంకా రెక్కలకు తగులకుండ వాని నడుమనుండి గుండ్లు వెడలు మరతుపాకిని విమానమునకు అమర్చిరి. చోదకుడు విమానమును గురిపెట్టిన చాలును, తుపాకిని గురిపెట్టినట్లే. ఉత్తర ఫ్రాన్సునందలి దువే పట్టణమునుండి బోల్కేయు, ఆతని సహచరుడు మాక్సు ఇమ్మెల్మనును ఈ ఆయుధముతో పేరుగాంచిరి. 1916 జనవరి 12 న ఇరువురకును ప్రష్యా రాజ్యపు అత్యున్నత సైనిక పతకము లభించెను.

అంతకుముందే, 1915 ఆగస్టులో, కాలువలో మునిగిపోవుచున్న ఒక ఫ్రెంచి బాలుని చూచి, దుస్తులైన విడువక దూకి బోల్కే రక్షించెను. శత్రుదేశపు బిడ్డయని సంకోచింపలేదు. ఈ కార్యమును ఆతని విజయములకంటె తక్కువగా మేము ఎంచజాలము.

1916 జూనులో ఇమ్మెల్మను మరణించగా, బోల్కేను కూడ కోల్పోవుదుమను భయముచే కైజరు ఆతనిని కొంతకాలము యుద్ధరంగమునకు దూరముగా నుంచెను. ఆ దినములలోనే ఆతని అనుభవము ఎనిమిది సూత్రములుగా రూపొందెను. సూర్యుని వీపువైపున ఉంచుకొనవలెను. చేరువకు వచ్చినగాని కాల్పరాదు. పైబడువానికి వెన్నుచూపక ఎదురుతిరుగవలెను. గుంపుగా పోరునపుడు పలువురు ఒకే శత్రువును వెన్నాడరాదు. ఇట్టివి అందు ముఖ్యములు.

ఆగస్టులో ఆతనికి ఒక నూతన దళముపై ఆధిపత్యము లభించెను. తూర్పు రంగమునుండి మాన్ఫ్రెడు రిక్తోఫెన్, ఎర్విన్ బోమె అను వారిని స్వయముగా ఎన్నుకొని తెచ్చెను. శిక్షణము ముగిసినగాని వారిని పోరునకు కొనిపోలేదు. సెప్టెంబరు 17 న సోమ్ రంగమున దళము గుంపుగా పోరగా, రిక్తోఫెన్ తన ప్రథమ విజయమును సాధించెను. రెండు మాసములు నిండకమునుపే బోల్కే విజయములు 19 నుండి 40 కి పెరిగెను.

అక్టోబరు 28 న, ఆ ఒక్క దినముననే ఆరవసారి, ఆతడు ఆకాశమున కెగసెను. బోల్కేయు బోమెయు ఒకే ఆంగ్లేయ విమానమును వెన్నాడిరి. రిక్తోఫెన్ తరుముచున్న మరియొక విమానము అడ్డమురాగా, తప్పుకొను యత్నమున బోమె విమానపు చక్రములు బోల్కే విమానపు పై రెక్కను తాకెను. విమానము నేల కూలెను. బోల్కే నడుమునకు పట్టీ బిగించుకొనియుండలేదు. ఇరువదియైదవ యేటనే ఆతని జీవితము ముగిసెను. ఆంగ్లేయ వైమానికులు విమానమునుండి పూలచక్రమును జారవిడిచి శత్రువునకు శ్రద్ధాంజలి ఘటించిరి.

అలసట ఎంతటి గురువునైనను తన పాఠమును మరపించును. సూత్రకారుడని సూత్రము ఆతనిని మన్నింపలేదు. 1917 లో బోమెయు, 80 విజయముల పిమ్మట 1918 లో రిక్తోఫెనును నేలగూలిరి. విజయముల సంఖ్య నేడు చరిత్రకారులకే ఉపయోగకరము. సూర్యుని వీపువైపున ఉంచుకొనుమను పాఠము మాత్రము తరువాతి మహాయుద్ధమున ఇరుపక్షముల యువకులకును ఆధారమయ్యెను. విద్య నేర్పినవాని పక్షమునందే నిలిచియుండదు. యుద్ధవిద్యను పెంపొందించు జాతులన్నియు ఈ సత్యమును గుర్తింపవలెనని మా విశ్వాసము.